ఇళ్ల నిర్మాణం తగ్గిందని ఎలా చెప్పగలం? ప్రాజెక్టు పనికి గృహ దత్తాంశ సేకరణ

ప్రాజెక్టు పనికి అంశం ఎంచుకోమన్నప్పుడు చాలామంది విద్యార్థులు తమ చుట్టూ వినిపించే మాటనే శీర్షికగా రాసి పంపుతారు. అది మంచి పద్ధతే. మీరు నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో ఉంటున్నారనుకుందాం. ‘ఈ మధ్య ఇళ్లు కట్టేవాళ్లే లేరు’ అని బేల్దారి మేస్త్రి అంటాడు. సిమెంటు అంగడిలోనూ అదే మాట. ఊరి బయట పునాదుల దగ్గర ఆగిపోయిన ఇళ్లు మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ‘పాములపాడు మండలంలో గృహ నిర్మాణ తగ్గుదల – ఒక పరిశీలన’ అని శీర్షిక పెట్టారు. మార్గదర్శకుడు ఆమోదించారు కూడా. ఇప్పుడు మీకు అంకెలు కావాలి.

అంతర్జాలంలో వెతికితే మొదట దొరికేవి స్థిరాస్తి సంస్థల నివేదికలు. హైదరాబాదులో ఈ త్రైమాసికంలో ఎన్ని ఫ్లాట్లు ప్రారంభమయ్యాయి, ఎన్ని అమ్ముడుపోకుండా మిగిలాయి అన్నవి అందులో ఉంటాయి. అవి తప్పు లెక్కలు కావు, కాని మీ లెక్కలు కావు. ఆ నివేదికలు దేశంలోని ఏడెనిమిది మహానగరాల్లో అమ్మకానికి కట్టే ఫ్లాట్ల గురించే చెబుతాయి. స్థిరాస్తి నియంత్రణ చట్టం, 2016 కింద ‘రెరా’లో నమోదైన ప్రాజెక్టులను చూద్దామన్నా అంతే. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా నమోదు తప్పనిసరి కాదు. పల్లెలో తన స్థలంలో తానే కట్టుకునే మనిషి ఆ జాబితాలోకి ఎన్నటికీ రాడు. జాతీయ గృహ బ్యాంకు ప్రచురించే ‘రెసిడెక్స్’ ధరల సూచిక 50 నగరాలకు పరిమితం. మన రాష్ట్రం నుంచి విజయవాడ, విశాఖపట్నం అందులో ఉన్నాయి గాని మీ మండలానికి అవి చెప్పేది ఏమీ లేదు.

హైదరాబాదు ఫ్లాట్ల పట్టికను అంటించి పాములపాడు గురించి తీర్మానం రాసిన ప్రాజెక్టులు మూల్యాంకనానికి వస్తూనే ఉంటాయి. పట్టిక ఎంత అందంగా ఉన్నా దానికి మార్కులు పడవు. కాబట్టి వెతుకులాట ప్రారంభించే ముందు రెండు ప్రశ్నలకు మీరే సమాధానం రాసుకోవాలి. ఇల్లు అని దేన్ని అంటున్నారు? తగ్గిందని దేన్ని అంటున్నారు?

లెక్కలో ఇల్లు

జనగణనలో ‘గణన గృహం’ అనే భావన ఉంది. వీధి నుంచో, ఉమ్మడి ఆవరణ నుంచో, మెట్ల దారి నుంచో విడిగా ప్రధాన ద్వారం ఉండి, విడి భాగంగా వాడుకునే లేదా గుర్తించే భవనం గాని, భవనంలో కొంత భాగం గాని గణన గృహం అవుతుంది. ఈ నిర్వచనంలో ‘నివాసం’ అన్న మాట లేదు. అంగడి, బడి, గుడి, గోదాము అన్నీ గణన గృహాలే. కుటుంబం వేరు: సాధారణంగా కలిసి ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకు తినేవారు ఒక కుటుంబం. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు ఉంటే రెండు కుటుంబాలు.

ఈ తేడా ఎంత పెద్దదో 2011 జనగణన చూపుతుంది. దేశంలో గణన గృహాలు 33.08 కోట్లు. వాటిలో వాడుకలో ఉన్నవి 30.61 కోట్లు, ఖాళీగా ఉన్నవి 2.47 కోట్లు. కుటుంబాలు 24.67 కోట్లు. 33 కోట్ల ఇళ్లు, 24 కోట్ల కుటుంబాలు కాబట్టి దేశంలో ఇళ్లు మిగులుతున్నాయని రాస్తే అది పొరపాటు. మొదటి సంఖ్యలో అంగళ్లూ గోదాములూ కలిసి ఉన్నాయి. (ఖాళీ గృహాల సంఖ్యలోనూ కుటుంబాల సంఖ్యలోనూ అవే అంకెలు కనిపించడం యాదృచ్ఛికం. ఎత్తి రాసేటప్పుడు దశాంశ బిందువు జాగ్రత్త!)

రాయలసీమ విద్యార్థులు మరో విషయం ప్రత్యేకంగా గమనించాలి. జనగణన పట్టికలలో పైకప్పు సామగ్రిని బట్టి ఇళ్లను విభజిస్తారు. గడ్డి, ఆకులు, వెదురు, కర్ర, మట్టి అన్నీ ఒకే వర్గం. మన ప్రాంతపు మట్టి మిద్దె సంగతి మీకు తెలుసు: రాతి గోడలు, దూలాలు, దంతెలు, పైన చౌడు మట్టి. తాతల కాలం నుంచి నిలబడిన ఇళ్లున్నాయి. పట్టికలో మాత్రం ఆ మిద్దె, గాలికి లేచిపోయే బోద కొట్టం పక్కనే కూర్చుంటుంది. నాపబండలు పరిచిన మిద్దె అయితే ‘రాయి’ వర్గంలోకి వెళుతుంది. ఒక పాత మట్టి మిద్దె పడగొట్టి అదే స్థలంలో స్లాబు ఇల్లు కడితే మట్టి వర్గంలో ఒకటి తగ్గి కాంక్రీటు వర్గంలో ఒకటి పెరుగుతుంది. ఊరికి కొత్తగా ఒక ఇల్లు వచ్చిందా? రాలేదు. పాతదాని చోట కొత్తది నిలిచింది, అంతే. గృహ సరఫరా అధ్యయనంలో ఈ రెంటినీ వేరుచేయాలి.

ఇటువంటి మార్పు పెద్ద ఎత్తున జరిగిన చరిత్ర మీ పక్కనే ఉంది. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు మునిగిపోయాయి. నిర్వాసితులు గట్టున కొత్త ఊళ్లు కట్టుకున్నారు. ఆ దశాబ్దంలో నందికొట్కూరు, ఆత్మకూరు వైపు ఎన్నో కొత్త ఇళ్లు లేచాయి. ఆ సంఖ్యను ‘గృహ నిర్మాణ ప్రగతి’ అని రాస్తే మునిగిన ఇళ్లను మరచినట్లే.

కొరత లెక్కకు కూడా ఇదే నియమం. 12వ ప్రణాళిక కోసం అమితాబ్ కుండూ అధ్యక్షతన వేసిన సాంకేతిక బృందం 2012లో దేశ పట్టణాలలో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని అంచనా వేసింది. ఇల్లు అసలే లేనివారు అందులో 5.3 లక్షల కుటుంబాలే. దాదాపు ఒకటిన్నర కోటి కొరత ఇరుకు వల్ల, అంటే ఉన్న ఇంట్లోనే చాలినంత చోటు లేకపోవడం వల్ల వచ్చింది. కొరత అన్న మాట మీ ప్రాజెక్టులో వాడితే అది ఏ రకం కొరతో చెప్పండి.

తగ్గిందంటే ఎక్కడ తగ్గింది?

అర్థశాస్త్ర పాఠాల్లో నిల్వ, ప్రవాహ భావనలను చదివారు. ఒక తేదీన ఊళ్లో ఉన్న ఇళ్ల సంఖ్య నిల్వ. ఒక సంవత్సరంలో కట్టిన ఇళ్ల సంఖ్య ప్రవాహం. నిర్మాణం తగ్గిందంటే ప్రవాహం తగ్గిందని అర్థం. నిల్వ మాత్రం పెరుగుతూనే ఉండవచ్చు. ‘ఇళ్లు తగ్గాయి’ అని రాసే ముందు ఈ తేడా చూసుకోండి.

ఆ ప్రవాహాన్ని కూడా ఒకచోట కొలిస్తే సరిపోదు. అమెరికా జనగణన సంస్థ ప్రతి నెలా మూడు వేర్వేరు సంఖ్యలు ప్రకటిస్తుంది: అనుమతి పొందిన ఇళ్లు, పని మొదలైన ఇళ్లు, పూర్తయిన ఇళ్లు. 2005లో అక్కడ దాదాపు 20.7 లక్షల ఇళ్ల పని మొదలైంది, 2009లో 5.5 లక్షలకు పడిపోయింది. మొదలైనవి పడిపోతుండగా, అంతకుముందు మొదలుపెట్టినవి పూర్తవుతూ ఉంటాయి కాబట్టి పూర్తయిన ఇళ్ల లెక్క ఆలస్యంగా తగ్గుతుంది. చిన్న ఊహాత్మక ఉదాహరణ చూడండి. ఒక ఊళ్లో ఏడాది మొదట్లో 60 ఇళ్లు నిర్మాణంలో ఉన్నాయి. ఆ ఏడు కొత్తగా 10 మొదలయ్యాయి, 50 పూర్తయ్యాయి. పూర్తయినవే చూస్తే ఊరు కళకళలాడుతోంది. కాని వచ్చే ఏడాదికి చేతిలో మిగిలిన పని 20 ఇళ్లదే. ఆ సంగతి గణాంక పుస్తకం కంటే ముందు బేల్దారికి తెలుస్తుంది.

మన రాష్ట్రంలో ప్రభుత్వ పథకాల ఇళ్లకు ఇటువంటి దశల లెక్క ఉంది. 1979 నుంచి పనిచేస్తున్న రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ప్రతి ఇంటినీ పునాది లోపు దశ, బేస్‌మెంట్ దశ, పైకప్పు మట్టం దశ, స్లాబు పూర్తయిన దశ, మొత్తం పూర్తయిన దశ అని నమోదు చేస్తుంది. బిల్లులు దశను బట్టి పడతాయి కాబట్టి దశ నమోదు మీద లబ్ధిదారుకూ అధికారికీ ఇద్దరికీ శ్రద్ధ ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త. ఆ పత్రం నిర్మాణాన్ని కొలవడానికి పుట్టింది కాదు, చెల్లింపును నడపడానికి పుట్టింది. గోడలు లేచినా బిల్లు నమోదు కాకపోతే ఇల్లు కాగితం మీద బేస్‌మెంట్ దగ్గరే ఉంటుంది. ఏ రిజిస్టరు చూసినా, దీన్ని ఎవరు ఏ అవసరం కోసం రాస్తున్నారు అని మొదట అడగండి.

ఎక్కడ వెతకాలి?

మీ మండలానికి ఇళ్ల నిల్వ, గదుల సంఖ్య, గోడ, కప్పు, యాజమాన్యం గురించి సమగ్రంగా దొరికేది 2011 జనగణన గృహాల జాబితా పట్టికలే. అవి నాటి కర్నూలు జిల్లా కింద ఉంటాయి. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి ‘నంద్యాల జిల్లా, 2011’ అని వెతికితే దొరకదు. మండలాలవారీగా తీసి మీరే కూడుకోవాలి. ఇంకా వెనక్కి 1981కి వెళితే మండలాలే లేవు, తాలూకాలున్నాయి. మండల వ్యవస్థ 1985లో వచ్చింది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. గృహాల జాబితా దశ 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య, జనాభా లెక్క 2027లో జరుగుతాయని కేంద్రం ప్రకటించింది. మండల పట్టికలు వెలువడే దాకా పాత లెక్కనే సంవత్సరం స్పష్టంగా రాసి వాడుకోవాలి.

జాతీయ నమూనా సర్వే 76వ విడత 2018 జులై, డిసెంబరు మధ్య ఇళ్ల పరిస్థితిని పరిశీలించింది. దేశమంతటా సర్వే చేసిన కుటుంబాలు 1,06,838. రాష్ట్ర స్థాయి పోలికకు ఇది నమ్మదగినది. లక్ష కుటుంబాలను ఆరు లక్షలకు పైగా ఉన్న గ్రామాల మీద, వేల పట్టణాల మీద పరిచి చూడండి, మీ మండలం వంతుకు ఏమి వస్తుందో! మండల స్థాయి తీర్మానానికి దీన్ని వాడకూడదు.

ఏటేటా మార్పు కావాలంటే స్థానిక రిజిస్టర్లకే వెళ్లాలి. ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం తయారుచేసే జిల్లా గణాంక దర్శిని మొదటి మెట్టు. మండలంలో సహాయ గణాంక అధికారిని కలవండి. గ్రామ పంచాయతీ ఇంటి పన్ను డిమాండు రిజిస్టరులో ఏటా కొత్తగా చేరిన ఇళ్లు కనిపిస్తాయి. కాని కట్టిన ఏడాదే పన్ను వేయాలని లేదు. పన్ను సవరణ జరిగిన ఏడాది ఒకేసారి ఎన్నో ఇళ్లు చేరి, ఆ ఏడే కట్టినట్లు భ్రమ కలిగిస్తాయి. విద్యుత్ పంపిణీ సంస్థ ఇచ్చే కొత్త గృహ కనెక్షన్లు నాకు ఇంతకన్నా మేలైన సూచికగా కనిపిస్తాయి. కరెంటు లేకుండా కొత్త ఇంట్లోకి పోయేవారు ఈ రోజుల్లో అరుదు. పాత ఇంటిని అన్నదమ్ములు పంచుకొని రెండో మీటరు పెట్టించుకోవడం అందులో కలుస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ వంటి పట్టణాలతో పోల్చదలిస్తే పురపాలక భవన అనుమతుల లెక్క దొరుకుతుంది. ఆళ్లగడ్డ, ఆత్మకూరు, నందికొట్కూరు ఒకప్పుడు గ్రామ పంచాయతీలే. పంచాయతీ పట్టణ సంస్థగా మారాక అనుమతుల సంఖ్య పెరిగితే, ఇళ్లు పెరిగాయో, అనుమతి తీసుకునే అలవాటు పెరిగిందో వెంటనే చెప్పలేం.

సిమెంటు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది దాని వైపే పోతారు. దేశంలో ఎనిమిది కీలక రంగాల సూచికలో సిమెంటు ఉత్పత్తికి 2011–12 ఆధార సంవత్సర శ్రేణిలో 5.37 శాతం భారం ఉంది, నెలనెలా వెలువడుతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు ఉండటం చూసి జిల్లా ఉత్పత్తినే జిల్లా నిర్మాణంగా భావించకండి. ఇక్కడ తయారైన బస్తా ఎక్కడో అమ్ముడవుతుంది. మీ మండలంలో అమ్ముడైన బస్తాలు కూడా అన్నీ ఇళ్లకే పోవు. బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్ ఉన్న మండలంలో కాలువ పనులు ఎంత సిమెంటు తాగుతాయో మీరే ఊహించగలరు. అంగడివారి అమ్మకాల పుస్తకం చూడనిస్తే మంచిదే, చిల్లర అమ్మకాలను కాంట్రాక్టు అమ్మకాల నుంచి వేరుచేయమని అడగండి.

2019 తరువాతి కాలం: ఒక సందర్భ పరిశీలన

నిర్మాణం నిజంగా పడిపోయిన కాలం ఒకటి మన అనుభవంలో ఉంది. 2019 మధ్యలో రాష్ట్రంలో ఇసుక విధానం మారే దశలో సరఫరా తగ్గింది. కొత్త విధానం సెప్టెంబరు 5న అమల్లోకి వచ్చింది. అదే కాలంలో కృష్ణా, గోదావరి వరదలతో తవ్వకం సాగలేదు. భవన నిర్మాణ కార్మికులు పనులు లేక రోడ్డెక్కారు. ఆ ఇబ్బంది తీరీ తీరకముందే 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. 2020 ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో దేశ నిర్మాణ రంగ ఉత్పత్తి విలువ అంతకుముందు ఏటితో పోలిస్తే 50.3 శాతం తగ్గిందని తొలి అంచనా. తొలి అంచనాలు తరువాత సవరిస్తారు కాబట్టి ‘తొలి అంచనా ప్రకారం’ అన్న మాట పట్టిక కింద తప్పక ఉండాలి.

తరువాత 2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం ‘పేదలందరికీ ఇళ్లు’ కార్యక్రమం ప్రారంభించి 30 లక్షలకు పైగా ఇంటి స్థలాల పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టింది. యూనిట్ విలువ రూ. 1.80 లక్షలు. ఇక్కడ విద్యార్థులను బోల్తా కొట్టించే విషయం ఒకటుంది.

పల్లె ఇళ్ల లెక్క కోసం మీరు సహజంగా ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగం పట్టికలు తెరుస్తారు. 2016లో మొదలైన ఈ పథకం పట్టికల్లో ఆంధ్రప్రదేశ్ ఇళ్లు తక్కువగా కనిపిస్తాయి. రాష్ట్రంలో గ్రామీణ గృహ నిర్మాణం కుప్పకూలిందని రాసేయాలనిపిస్తుంది. ఆగండి. అదే పథకం పట్టణ విభాగంలో ఆంధ్రప్రదేశ్‌కు 20 లక్షలకు పైగా ఇళ్లు మంజూరయ్యాయి. 2011 లెక్క ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్ పట్టణ జనాభా సుమారు ఒకటిన్నర కోటి. కుటుంబానికి నలుగురు చొప్పున వేస్తే 37 లక్షల కుటుంబాలు. సగానికి పైగా పట్టణ కుటుంబాలు కొత్త ఇళ్లు కట్టుకున్నాయా? నమ్మశక్యంగా లేదు కదా. జరిగింది ఏమిటంటే, పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి తెచ్చిన ఎన్నో గ్రామాల్లోని ఇళ్లకు పట్టణ విభాగం కింద మంజూరు వచ్చింది. చుట్టూ పొలాలున్న ఇల్లు పట్టికలో ‘పట్టణ’ ఇల్లుగా నిలిచింది. మీ గ్రామం ఏ పరిధిలో ఉందో గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ సహాయకుణ్ణి అడిగి తెలుసుకున్నాకే ఏ పట్టిక తెరవాలో నిర్ణయించుకోండి.

ఈ పొరపాటుకు పోయేది మీ మార్కులొక్కటే కాదు. పట్టిక తప్పు గడిలో చూసి ‘ఇక్కడ ఇళ్లు రాలేదు’ అని రాస్తే కట్టుకున్నవారు మాయమవుతారు. మంజూరు సంఖ్య చూసి ‘ఇళ్లు వచ్చాయి’ అని రాస్తే అప్పు తెచ్చి బేస్‌మెంట్ దగ్గర ఆగిపోయిన కుటుంబం మాయమవుతుంది. మంజూరైనవి, మొదలైనవి, పూర్తయినవి అని మూడు నిలువు వరుసలు విడివిడిగా వేయండి.

అడిగి తెలుసుకోవడం, నడిచి లెక్కించడం

కార్యాలయంలో లెక్క ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో రూ. 5, ఆపైన రూ. 10. గడువు 30 రోజులు. ప్రాజెక్టు సమర్పించే తేదీకి వారం ముందు దరఖాస్తు రాసి ప్రయోజనం లేదు. ‘గృహ నిర్మాణ వివరాలు ఇవ్వగలరు’ అని కాకుండా, ‘2018–19 నుంచి సంవత్సరంవారీగా, గ్రామంవారీగా మంజూరైన, పూర్తయిన ఇళ్ల సంఖ్య’ అని గడులు గీసినట్లు అడగండి. లబ్ధిదారుల పేర్లు మీకు అక్కరలేదు, అడగవద్దు.

చివరిగా మీ ఊళ్లో రెండు వీధులూ ఒక కాలనీ ఎంచుకొని నడవండి. కొత్తవి, పాతవాటి చోట కట్టినవి, ఏ దశలో ఆగినవి, తాళం వేసినవి అని గీతలు పెట్టుకోండి. నలుగురైదుగురు బేల్దారులను గత నెలలో ఎన్ని రోజులు పని దొరికింది, అందులో ఊళ్లో ఎన్ని, బయటి ఊళ్లలో ఎన్ని అని అడగండి. ‘పని తగ్గిందా?’ అని అడిగితే అందరూ తగ్గిందనే అంటారు. ఇల్లు ఆగిపోయినవారి దగ్గర కాగితం, కలం చూడగానే మీరు అధికారి అనుకునే ప్రమాదముంది. విద్యార్థినని, బిల్లు రావడానికీ ఆగడానికీ మీకు సంబంధం లేదని ముందే చెప్పండి. పేర్లు, ఇంటి నంబర్లు నివేదికలో రాయవద్దు.

అభ్యాసం: మీ గ్రామంలో ఏదైనా ఒక సంవత్సరం తీసుకొని, ఇంటి పన్ను రిజిస్టరులో కొత్తగా చేరిన ఇళ్ల సంఖ్యను, అదే సంవత్సరం ఇచ్చిన కొత్త గృహ విద్యుత్ కనెక్షన్ల సంఖ్యను పక్కపక్కన రాయండి. రెండూ సమానం కాకపోతే, తేడాకు కనీసం మూడు కారణాలు ఊహించి, వాటిలో ఒకదాన్ని వీధిలోకి వెళ్లి పరీక్షించండి. పట్టిక కింద మూలం, తేదీ, ప్రమాణం, మీరు తీసుకున్న ప్రాంతపు హద్దులు రాయడం మరవవద్దు.